మర్నాటి సంగతి

చీనీకాయను రెండుగా కోసి, గింజలను గోటితో ఒక్కొక్కటే తీసి, కృష్ణమ్మ గ్లాసులోకి పిండింది. రెండో చెక్క పిండేటప్పుడు వేళ్ళ కణుపుల్లో మొదలైన నొప్పి మోచేతి దాకా పాకింది. పళ్ళు బిగబట్టి మూడో కాయ తీసుకుంది.

"గింజ పడనీకు మే. చేదైతే ఆ బిడ్డ తాగదు," అని నడవలోంచి అత్త వెంకటమ్మ కేకేసింది.

"తీసినాలే అత్తా."

ఆ బిడ్డ! కృష్ణమ్మ ఈ ఇంటికి కోడలై వచ్చి పదహారేళ్ళు. ఇన్నేళ్ళలో ఆమెను ఒక్కసారి కూడా ఎవరూ ఆ బిడ్డ అనలేదు. హిందూపురం నుంచి చిన్నకోడలుగా వచ్చిన మాధవీలత, మంచం పట్టిన ఈ ఎనిమిది నెలల్లోనే ఆ బిడ్డ అయిపోయింది.

పోయిన ఆషాఢంలో ధర్మవరం వీధులన్నీ కుంటుతూ నడిచాయి. చికెన్‌గున్యా అని పేరు విని, పాపం కోళ్ళను తినడం మానేసినవాళ్ళు కూడా మంచాలెక్కారు. ఈ ఇంట్లో ఒకే వారంలో ఇద్దరు కోడళ్ళూ పడ్డారు. కృష్ణమ్మ పదోనాడు గోడ పట్టుకొని లేచి పొయ్యి ముట్టించింది. మాధవీలత ఏ పండగపూటో తప్ప ఇప్పటికీ మంచం దిగలేదు. జ్వరం ఎప్పుడో పోయింది. నొప్పులూ తగ్గాయి. కానీ నాలుగడుగులు వేస్తే నీరసం, ఎంతసేపు పడుకున్నా తీరని అలసట, మాట్లాడితే ఆయాసం. ధర్మవరంలో చూశారు, అనంతపురంలో చూశారు. రక్తం తీశారు, ఫొటో తీశారు. కాగితాలన్నీ నార్మల్ అన్నాయి.

కాగితాలు నార్మల్ అన్నరోజు ఇంట్లో అందరూ దిగులుపడ్డారు. కృష్ణమ్మ మాత్రం లోలోపల, అట్ల చెప్పు, అనుకుంది.

గ్లాసు తీసుకొని వెనకగదిలోకి వెళ్ళేసరికి మరిది మార్కండేయులు అక్కడే ఉన్నాడు. మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, భార్య తలకింద చెయ్యి పెట్టి ఎత్తి నీళ్ళు తాగిస్తున్నాడు. ఆ చేతికి ఇంకా జరీ తునక అంటుకొని మెరుస్తోంది. కృష్ణమ్మ గ్లాసు గూట్లో పెట్టి తిరిగొచ్చింది.

అవతలి మగ్గం మీద ఆమె భర్త ఆంజనేయులు వంచిన తల ఎత్తకుండా, పోగు మోసే నాడెను అటూ ఇటూ విసురుతున్నాడు. ఆయనకు జ్వరమొచ్చినప్పుడు కృష్ణమ్మ రెండు గంటలకొకసారి గుడ్డ తడిపి వేసింది. ఆమెకు జ్వరమొచ్చినప్పుడు ఆయన, "మాత్ర ఏసుకున్నావా?" అని గుంటలోంచే అడిగాడు. పాపం మంచివాడే. అడిగాడు కదా.

ఆమెకు చీనీకాయ రసం అక్కర్లేదు. నిజానికి పులుపు పడదు. పట్టపగలు మంచం మీద పడుకొని, ఎవరో తన కోసం గింజలు తీస్తున్న చప్పుడు వినాలని మాత్రం ఉండేది. ఆ కోరిక ఎంత సిగ్గుమాలినదో తెలిసి, దాన్ని మాధవీలత మీద కోపంగా మార్చుకుంది. కోపమైతే పైకి చూపొచ్చు.

అప్పటి నుంచి మాధవీలతను కనిపెట్టి చూడటం ఆమెకు ఒక పనైంది. ఎప్పుడు లేచింది, ఏం తిన్నది, ఎవరితో నవ్వింది, నవ్వినాక ఎంతసేపు కళ్ళు మూసుకుంది. దొంగ ఎప్పుడో ఒకప్పుడు దొరకాలి.

*

ఆ శనివారం మార్కండేయుల మగ్గానికి కొత్త వార్పు, అంటే చీరకు నిలువు పోగుల చుట్ట, వచ్చింది. ఎండాకాలం పెండ్లిళ్ళ చీరలు. మగ్గంలో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే చేర్చి, బూడిద అద్దుకున్న వేళ్ళతో మెలిపెట్టి అతకాలి. ఐదువేల పైచిలుకు పోగులు. ముడి వేయకూడదు. ముడి, పోగులను విడదీసే దువ్వెనలాంటి పన్నె పళ్ళలో ఇరుక్కుంటుంది. మెలి వదులైతే ఊడిపోతుంది, గట్టిదైతే తెగుతుంది. అతికే పనిలో ఆ వీధి మొత్తానికి మాధవీలతది పేరు. రెండు వీధుల అవతలి నుంచి కూడా వచ్చి పిలిచేవాళ్ళు. ఆమె పడ్డాక ఆ పిలుపులు కృష్ణమ్మకు వస్తున్నాయి. రెండోరకం చెయ్యి అని తెలిసే పిలుస్తారు. అదొక మంట.

ఇద్దరు కూచుంటే ఒకరోజు పని. ఒక్కతే కూచొని, మధ్యాహ్నానికి మూసుకుపోయే వేళ్ళను వేడినీళ్ళలో ముంచుకుంటూ, ఆదివారం పొద్దుటికి రెండు జానల వెడల్పు అతికింది. పొద్దున పదింటికి, పక్కవీధిలో చావు జరిగిన బంధువుల ఇంట పెద్దదినం ఉంటే అత్తతో కలిసి పోవాల్సి వచ్చింది. మగవాళ్ళు అప్పటికే పోయారు. ఇంట్లో మాధవీలత ఒక్కతే.

మూడింటికి తిరిగొచ్చి, చీరకుచ్చెళ్ళు దోపుకొని మగ్గం వెనక కూచొని, వేలు బూడిదలో అద్దిన కృష్ణమ్మ ఆగిపోయింది.

తను వదిలిన చోటు అది కాదు. అక్కడి నుంచి ఇంకో జానెడు వెడల్పు పోగులు అతికి ఉన్నాయి. వంగి చూసింది. తన అతుకుల కొసలు చీమ మీసాల్లా బయటికి పొడుచుకొని ఉంటాయి. ఇక్కడ కొసలే లేవు. ఏది పాత పోగో ఏది కొత్త పోగో పోల్చుకోవడానికి లేదు. అలాంటి చెయ్యి ధర్మవరంలో ఒకటే ఉంది.

చప్పుడు కాకుండా లేచి వెనకగదిలోకి తొంగి చూసింది. మాధవీలత గోడవైపు తిరిగి పడుకుంది. చెయ్యి మంచం పట్టె మీదుగా వేలాడుతోంది. బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద.

కృష్ణమ్మ గుమ్మం పట్టుకొని ఆ వేళ్ళను ఇంకోసారి చూసింది. అనుమానం కాదు. ఎనిమిది నెలలు వెతికినది దొరికిన సంతోషం.

అందరూ సంగటి ముందు కూచున్నప్పుడు చెప్పింది. గొంతు పెంచలేదు. "మూడుగంటల పని. నేనైతే నాలుగు గంటలు చేస్తా. ఒంట్లో బాగలేని మనిషి చేసే పనేనా అది? మీరే పోయి చూడండి."

వెంకటమ్మ పోయి చూసింది. వేలితో తడిమి చూసింది. వచ్చి కూచొని కంచం పక్కకు జరిపింది. తర్వాత, "నా చేత కాళ్ళు ఒత్తించుకునింది కదే," అన్నది.

మార్కండేయులు గదిలోకి పోయాడు. తలుపు తెరిచే ఉంది.

"వార్పు నువ్వు అతికినావా?"

"ఊ."

"నీకు చేతనైతాదా, అయితే?"

మాధవీలత వేళ్ళ బూడిదను చీరకు తుడుచుకుంది.

"చెప్పు మాధవీ. ఏమన్నా చెప్పు. చెప్తే నమ్ముతా."

మాధవీలత కళ్ళు తెరిచి అతన్ని చూసింది. మళ్ళీ మూసుకుంది. మార్కండేయులు తిరిగొచ్చి కంచం ముందు కూచొని, సంగటి ముద్దను వేలితో పొడుస్తూ ఉండిపోయాడు.

"హిందూపురం పంపియ్యి," అన్నాడు ఆంజనేయులు. "వాళ్ళమ్మ చూసుకుంటాది. నిజం చెప్పి, పని చేస్తానని అనేవరకూ మనం పిలిచేది లేదు."

"ఈడికి తిరిగి రావల్లంటే, నడిచి రావల్ల," అన్నది వెంకటమ్మ.

సోమవారం పొద్దున మాధవీలత లేచి తానే స్నానం చేసింది. చూశారా, అన్నట్టు కృష్ణమ్మ అత్తను చూసింది. సాయంత్రానికి ఆమె మళ్ళీ పడింది. మంగళవారం తల ఎత్తలేకపోయింది. వెలుతురు చూడలేకపోయింది. గొంతులో బిళ్ళలు కట్టాయి. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడింది.

"దొరికినాక ఇంగేం చేస్తాది, నాటకం పెంచక?" అన్నది కృష్ణమ్మ.

ఈసారి ఎవరూ కాదనలేదు. చీనీకాయలు గూట్లోనే ఉన్నాయి. ఎవరూ పిండమని చెప్పలేదు.

*

గురువారం పొద్దుటి ప్యాసింజరు. కృష్ణమ్మ వేళ్ళు వాచి కొత్త వార్పు అతకడం సగంలోనే ఆగింది; అవతలి మగ్గం మీది పెండ్లిళ్ళ చీరలైనా ఆగకూడదని మగవాళ్ళిద్దరూ కదల్లేదు. "వదినా, నువ్వే పిల్చుకొని పో," అన్నాడు మార్కండేయులు. స్టేషను దాకా ఆటో మాట్లాడి, భార్య వైపు చూడకుండా సంచీ లోపల పెట్టాడు.

కృష్ణమ్మ పెట్టెలోంచి ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది. ఎన్నాళ్ళకో రైలెక్కుతోంది. రేపటి నుంచి ఆ వెనకగదిలో మంచం ఖాళీగా ఉంటుంది.

స్టేషనులో వంతెన మెట్లెక్కుతూ మాధవీలత ఆరో మెట్టు మీద కూచుంది. మళ్ళీ లేచి, నాలుగు మెట్లెక్కి కూచుంది.

"జనాలు చూస్తాండారు, లేయ్ మే."

"లేస్తాక్కా. ఒక్క గడియ."

ఈడ మొగుడు లేడు, అత్త లేదు, ఎవరికి చూపిస్తాంది నాటకం? ఆ ప్రశ్న కృష్ణమ్మకు అడగకుండానే వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి, చంకలో చెయ్యి వేసి లేపింది. ఆ మనిషి బరువు లేదు. పట్టుదారపు కండెల తట్టంత ఉంది.

రైల్లో కిటికీ పక్కన కూచోబెట్టింది. ఎండ పడుతుంటే మాధవీలత కొంగు ముఖం మీద కప్పుకుంది. బొరుగులవాడొచ్చాడు. కృష్ణమ్మ పొట్లం కొనుక్కుంది. "తింటావా?" అని మాటవరసకు అడిగింది. కొంగులోపల తల అడ్డంగా కదిలింది.

పెనుకొండ కొండ కనపడ్డాక రైలు ఆగింది. చాలాసేపు ఆగింది. ఎదురుగా వచ్చే బండి కోసమట. చప్పుడు ఆగిన ఆ నిశ్శబ్దంలో కృష్ణమ్మ అడిగేసింది.

"ఏంటికి చేసినావు మే ఆ పని? చేసినదానివి మొగుడడిగితే ఏంటికి చెప్పలేదు?"

కొంగు కదల్లేదు. నిద్రపోయిందేమో అనుకుంటుండగా లోపలి నుంచి మాట వచ్చింది.

"నిన్ను చూల్లేక."

"ఏమి?"

"తలుపు సందులోంచి మగ్గం కనపడతాది. నువ్వు అతుకుతాండావు. కొసలు అంతంత వదిలిపెట్టి. శానా తప్పుగా. శీనమ్మోళ్ళింటికి నిన్ను పిలుచుకొని పోయిరి. మునిరత్నమ్మోళ్ళూ నిన్నే పిలిచిరి. నాకేమో కడుపు మండిపోతాంది." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మీరు పోయినాక, పది పోగులు అతికి వచ్చేద్దాం అని పోయినా. వేళ్ళు ఆడతాండాయి. ఎనిమిది నెలలకు ఆడినాయి. ఆపలేకపోతిని. ఏమవుతాదో తెలుసు. తెలిసే చేసినా. ఈ మాట ఆయప్పకు ఎట్ల చెప్పేది? అక్క మీద ఏడుపుతో చేసినా అని?"

కృష్ణమ్మ నోట్లో బొరుగులు నానిపోయాయి. ఇన్ని నెలలు ఏడుపు తనదొక్కదానిదే అనుకుంది. మంచంలో పడుకున్నదానికి, నిలబడి చాకిరీ చేసేదాన్ని చూసి ఏడుపేమిటి?

రైలు కదిలింది. మాధవీలత తల ఊగి ఊగి ఆమె భుజం మీద వాలింది. కృష్ణమ్మ తొలగించలేదు. దగ్గరికీ తీసుకోలేదు.

*

మాధవీలత తల్లి దాసమ్మ హిందూపురంలో ఒక డాక్టరమ్మ ఆసుపత్రిలో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. స్టేషనుకు వచ్చి, కూతుర్ని చూసి, ఇంటికి కూడా తీసుకుపోకుండా అదే ఆటోలో నేరుగా అక్కడికే తీసుకుపోయింది. ఓపీ అయ్యేదాకా బల్ల మీద పడుకోబెట్టింది. ఒంటిగంటకు డాక్టరమ్మ పిలిచింది. నడివయసు మనిషి. కాగితాలన్నీ చూసి పక్కన పెట్టింది.

"ఇవన్నీ సరే. పని చేసినరోజు ఎట్లా ఉంటుంది? మర్నాడు ఎట్లా ఉంటుంది?"

మాధవీలత ఏదో చెప్పబోయి, మాట దొరకక కళ్ళు మూసుకుంది. దాసమ్మ దగ్గర చెప్పేందుకేమీ లేదు. ఆమె చూడలేదు.

"ఇంట్లో దగ్గరుండి చూసినవాళ్ళెవరు?"

కృష్ణమ్మ గొంతు సవరించుకుంది. ఈమె పని చేయగలదని చెప్పడానికే నోరు తెరిచింది.

"ఈయమ్మ పని చెయ్యలేకేం గాదు మేడం. వినాయక చవితికి ఉండ్రాళ్ళు చేసింది. ఒక్కతే."

"తర్వాత?"

"మర్నాడు మామూలే. ఆ మర్నాడు పడింది. ఐదు రోజులు లేవలేదు. దసరాకు మగ్గానికి పూజంటే ఇల్లంతా తుడిచింది. రెండోనాటి నుంచి వారం పండుకునింది. దీపావళికి వాకిట్లో ముగ్గేసింది, పెద్దది, పదహారు చుక్కలది. తొమ్మిది రోజులు. శివరాత్రికి తల స్నానం చేసి జడేసుకునింది, అంతే చేసింది, దానికే నాలుగు రోజులు. మొన్న ఆదివారం వార్పు అతికింది, మూడు గంటలు. సోమవారం పొద్దున బాగుండాది. సాయంత్రం…"

ఆమె గొంతు నెమ్మదించింది. నేరాలన్నీ వరసగా చెబుతున్నాననుకుంది. తన చెవికే అవి ఇంకోలా వినపడుతున్నాయి. ఒక్కసారి కూడా వరస తప్పలేదు. నాటకమాడే మనిషి ఎనిమిది నెలలు మర్నాడు మర్చిపోకుండా ఆడుతుందా?

"ఆగారెందుకు? చెప్పండి. జలుబులూ అవీ?"

"మా రాణికి, అంటే నా కూతురికి, రొంప పట్టిందంటే మూడోనాటికి ఈయమ్మకు పడతాది. మాకు రెండు రోజుల్లో పొయ్యేది. ఈయమ్మకు ఇరవై రోజులు."

డాక్టరమ్మ రాసుకోవడం ఆపి తలెత్తింది. "ఇంత వివరంగా చెప్పినవాళ్ళు నాకు ఎప్పుడూ తగల్లేదు. మీరు ఈమెను చాలా బాగా చూసుకుంటున్నట్టున్నారు."

కృష్ణమ్మ ముఖం వేడెక్కింది. మాధవీలత కళ్ళు తెరవకుండానే, "అవును మేడం. మా యక్క కన్నార్పదు," అన్నది.

వైరస్ జ్వరాల తర్వాత కొందరికి ఇలా మిగిలిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. దీర్ఘకాలపు అలసట జబ్బు. బద్ధకం కాదు, మనసులో పుట్టించుకున్నదీ కాదు. "మన ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. అన్నీ అన్నివేళలా పనిచేయవు. వైరస్ వచ్చినప్పుడు దానితో పోరాడేవి మేలుకుంటాయి, అది పోయాక సద్దుమణగాలి. ఈ జబ్బున్న కొందరి రక్తంలో కొన్ని జన్యువులు ఎక్కువగా, కొన్ని తక్కువగా పనిచేస్తున్నట్టు పైదేశాల డాక్టర్లు గమనించారు. ఎందుకో ఇంకా తేలలేదు. మామూలు పరీక్షల్లో అది కనపడదు."

కృష్ణమ్మ కాసేపు ఆలోచించింది. "జాకార్డు అట్టల మాదిరా మేడం?"

"అంటే?"

"మగ్గం పైన రంధ్రాలు పొడిచిన అట్టలు గొలుసుగా తిరుగుతాంటాయి. ఏ పోగు లేవల్లనో ఆ అట్టే చెప్తాది. ఒక్కోసారి గొలుసు చిక్కుకొని, పువ్వు అయిపోయినా అదే అట్ట మళ్ళా మళ్ళా పడతాంటాది. పట్టు మంచిదే, మగ్గం మంచిదే. గుడ్డ మాత్రం చెడిపోతాది."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. "నేను ఇంత బాగా చెప్పలేను. కాకపోతే ఇక్కడ చిక్కుకున్నది ఏ అట్టో, దాన్ని ఎట్లా విడిపించాలో ఇంకా ఎవరికీ తెలియదు. నయమైపోతుందని మాట ఇవ్వలేను. ఒకటి మాత్రం చెబుతాను. ఓపిక ఉన్నరోజు ఉన్నదంతా ఖర్చుపెట్టకూడదు. ఇంకా చేయగలను అనిపిస్తున్నప్పుడే ఆపాలి. ఇప్పుడు మూడు నాలుగు వారాలు ప్రయాణం వద్దు."

"నాకూ అదే జొరమొచ్చె కదా మేడం. నేను పదోనాడు లేచినా." ఆ మాటలో ఇన్నాళ్ళూ దాచుకున్న గొప్ప ఉంది.

"మీకు అట్ట సమయానికి మారింది. అది మీ గొప్పా కాదు, ఆమె తప్పూ కాదు. ఏవీ, ఆ వేళ్ళు చూపించండి. ఇంత వాపు పెట్టుకొని పనిచేస్తున్నారా? అప్పుడు మిమ్మల్ని ఎవరు చూశారు?"

"నన్ను ఎవరూ చూళ్ళేదు."

"నేను చూసినా," అన్నది బల్ల మీది నుంచి మాధవీలత. "పదోనాడు గోడ పట్టుకొని లేచినావు. ముందు కుడికాలు పెట్టి, కూలబడి, మళ్ళా ఎడమకాలితో లేచినావు. బిందె ఎత్తలేక చెంబుతో పదకొండుసార్లు నీళ్ళు తెచ్చినావు. పొయ్యి కాడ కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చినావు. నేను చూస్తానే ఉంటి. ఈ ముండ ఎట్ల లేచిందబ్బా, నాకేంటికి చేతకాలేదు అని."

దాసమ్మ, "ఏం మాటలే అవి!" అని కసిరింది. కృష్ణమ్మ కుడికాలి వైపు చూసుకుంది. నిజమే. ముందు కుడికాలు పెట్టింది. పదకొండు చెంబులన్నది తనకే గుర్తులేదు.

*

సాయంత్రం బండికి ఒక్కతే తిరిగొచ్చింది. ఆకుపచ్చ చీర మార్చుకోకుండానే మగ్గాల నడుమ నిలబడి, డాక్టరమ్మకు చెప్పిన వరసంతా మళ్ళీ చెప్పింది. ఉండ్రాళ్ళు, ఐదు రోజులు. ముగ్గు, తొమ్మిది రోజులు. జడ, నాలుగు రోజులు. ఆంజనేయుల నాడె ఆగింది.

"మొన్న నాటకమన్నది నువ్వే కదే?" అన్నది వెంకటమ్మ.

"నేనే. చూసిందీ నేనే. అప్పుడు పని చేసిన దినం ఒకటే చెప్పినా, మర్నాటి సంగతి చెప్పలేదు. ఇప్పుడు రెండూ చెప్తాండా."

వెంకటమ్మ చెయ్యి నోటి మీద పెట్టుకుంది. మార్కండేయులు గుంట గట్టు మీద కూచొని తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"జబ్బు నిజమే అంటావా వదినా? మరి ఆ దినం ఏంటికి చేసింది? అడిగితే నోరు తెరవదే!"

కృష్ణమ్మ చీరకుచ్చెళ్ళు దోపుకుంది. "అది మా ఇద్దరి సంగతిలే. నీకేంటికి?"

శుక్రవారం పొద్దున అతను ప్యాసింజరుకు బయలుదేరాడు. సంచీ భుజానికి వేసుకొని గుమ్మం దాటుతుంటే కృష్ణమ్మ మగ్గం వెనక నుంచే పిలిచింది.

"మార్కండేయులూ! గూట్లో చీనీకాయలుండాయి, తీసుకొని పో. గింజలు తీసి పిండు. ఒక్క గింజ పడినా ఆయమ్మ తాగదు."

అతను మూట కట్టుకొని పోతుంటే కృష్ణమ్మ గుండెలో ఆ పాత మంట లేచింది. అదెక్కడికీ పోలేదు. ఆమె వేలు బూడిదలో అద్దుకొని, అతకాల్సిన పోగుల వైపు తిరిగింది.

ముందు మాధవీలత అతికిన జానెడులో ఒక పోగు పట్టి లాగింది. మెలి ఊడకుండా ఆగింది. ఇంకోటి లాగింది. అదీ ఆగింది. తర్వాత తను అతికినవాటిలో ఒకటి లాగింది. మెలి వదిలేసి చేతికొచ్చింది.

వాకిట్లో పిండి విసురుతున్న వెంకటమ్మ లోపలికి తొంగి చూసింది. "ఏమ్మే, అతికినదాన్ని ఊడదీస్తాండావు?"

"నాలుగు వారాలకు వస్తాది కదా," అన్నది కృష్ణమ్మ, తల ఎత్తకుండా. "వచ్చి పండుకొని, తలుపు సందులోంచి చూస్తాది."

తన అతుకుల్లో చివరి నలభైని ఊడదీసి, మొదటి పోగు కొసను కనపడకుండా లోపలికి మడిచి, మళ్ళీ మెలిపెట్టింది.